ఊపిరి బిగపట్టకుండా

"ఆరున్నర," అన్నాడు లెక్కల మాస్టారు మొదటి ముద్ద మింగి.

అది టైము కాదు, కూరకి వేసిన మార్కులు. పదికి. పెళ్ళయిన మర్నాడు మొదలైన అలవాటిది, ఇరవైమూడేళ్ళుగా ఒక్క పూట తప్పలేదు. మనిషి చెడ్డవాడేం కాదు. చెయ్యెత్తి ఎరగడు, గొంతు పెంచి ఎరగడు. భార్యకి జ్వరమొస్తే తనే మాత్ర తెచ్చి, గ్లాసుతో నీళ్ళు పట్టుకుని మంచం పక్కన నిలబడతాడు. కాకపోతే బళ్ళో రోజంతా పిల్లలకి మార్కులు వేసీ వేసీ ఆ నోరు ఇంటికొచ్చాక కూడా ఊరుకోదు. టీకి ఏడు. ఇస్త్రీకి అయిదు, కాలరు మడత పడినందుకు అర మార్కు కోత. ఎనిమిది దాటి వేసిన పాపాన పోలేదు. "పదికి పది వేస్తే మనిషి ఇంక ఎదగడోయ్," అంటాడు, ఆమె ఎదుగుదల మీద తనకున్న శ్రద్ధకి తనే మురిసిపోతూ.

ఆయన భార్య, ఆ ఇంటి కోడలు, గరిటె పట్టుకుని బల్ల పక్కన నిలబడి ఉంది. మొగుడు ముద్ద నోట్లో పెట్టుకున్న దగ్గర్నుంచి మార్కు పడేదాకా అలా నిలబడటం ఆమెకు అలవాటు. నలభై ఆరేళ్ళ మనిషి, డిగ్రీ చదివిన మనిషి, ఆరున్నర అని వినగానే వంటింట్లోకి వెళ్ళి మిగతా మూడున్నర ఎక్కడ పోయిందా అని గిన్నెలోకి తొంగి చూస్తుంది. ఉప్పు చాల్లేదా? మాడు వాసనేమైనా వచ్చిందా? ఎవరైనా చూస్తే నవ్విపోతారని ఆమెకూ తెలుసు. తెలిసినంత మాత్రాన మానేయగలిగితే అది అలవాటెందుకవుతుంది?

బల్ల ఆ చివర కూర్చుని అత్తగారు తన కంచంలోది నెమ్మదిగా తింటోంది. డెబ్భై రెండేళ్ళు. పద్నాలుగేళ్ళుగా షుగరు. నాలుగేళ్ళుగా చూపు మసక. చూపు పోయినకొద్దీ ఆవిడ చెవులు పదునెక్కాయి. ముందుగదిలో కుర్చీలో కూర్చునే ఇల్లంతా నడిపిస్తుంది. "అమ్మాయ్, పాలు పొంగబోతున్నాయి," అంటుంది, పొయ్యి ముందు నిలబడ్డ కోడలికి కూడా ఆ సంగతి తెలియకముందే. "కుళాయి సరిగ్గా కట్టలేదు." "ఇవాళ నీకు ఒంట్లో బాగోలేదు, చీపురు చప్పుడు వేరేగా ఉంది." ఈ చివరి మాట విన్నరోజు కోడలు చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చీపురు చప్పుడుకి కూడా వినేవాళ్ళుంటారని ఆమె అనుకోలేదు.

వాలంటీరు పనికి పేరిచ్చింది కూడా ఆవిడే. వీధి చివర ఆరోగ్య కేంద్రంలో పనిచేసే పెద్ద నర్సమ్మ ఇల్లిల్లూ తిరుగుతూ, షుగరున్నవాళ్ళ కాళ్ళు పరీక్షించడం నేర్పిస్తాం, వీధికొక్కరు కావాలి అని అడిగితే, అత్తగారు కుర్చీలోంచే, "మా కోడలి పేరు రాసుకో తల్లీ. దానికి తెలివుంది, ఓపికుంది. ఖాళీ మాత్రం లేదు. అయినా రాసుకో," అంది.

మాస్టారు అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పడం ఆయన పద్ధతి కాదు. "మంచిదే, కాలక్షేపం," అన్నాడు. "అయిదు రోజులే కదా. ఆఖరి రోజు పరీక్ష ఉందిటగా? చూడు మరి. అందులో గనక తప్పితే మళ్ళీ ఈ తిరుగుళ్ళ మాట ఎత్తకూడదు. నలుగురిలో నవ్వులపాలవడం నాకిష్టం లేదు." కోడలు "ఆ" అంది. ఆ ఇంట్లో ఆమె రోజుకి ఎన్నిసార్లు "ఆ" అంటుందో లెక్కల మాస్టారు కూడా లెక్కపెట్టలేదు. టీ పెడతావా? ఆ. చొక్కా బొత్తాం కుట్టావా? ఆ. నీకేం, ఇంట్లో హాయిగా ఉంటావు! ఆ. కాలక్షేపం అన్నమాట మాత్రం ఆరోజంతా ఆమెను వెన్నాడింది. అయిదింటికి లేచి, రెండు పూటల వంటా ఒక పూటే చేసి, అత్తగారి మాత్రలు పొద్దుటివి ఎర్ర మూత డబ్బాలో, మధ్యాహ్నంవి తెల్ల మూత డబ్బాలో పెట్టి, బట్టలు ఆరేసి, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తున్నప్పుడు అనుకుంది: కాలాన్ని క్షేపించడానికి ఇంట్లో అసలు ఎక్కడైనా మిగిలితే గదా.

కేంద్రంలో పన్నెండు మంది ఆడవాళ్ళు. పెద్ద నర్సమ్మ నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. "అమ్మలూ, నొప్పి పుడితే మనిషి తనే పరిగెత్తుకొస్తాడు. షుగరు ముదిరితే కాళ్ళల్లో నరాలు మొద్దుబారతాయి. రాయి గుచ్చుకున్నా, పొక్కు లేచినా తెలియదు. తెలిసేసరికి పుండవుతుంది. అది ముదిరితే వేళ్ళు పోతాయి, ఒక్కోసారి కాలే పోతుంది. అందుకని నొప్పి లేనివాళ్ళ కోసం మనం పరిగెత్తాలి," అంది. తలా ఒక నైలాను పోగు ఇచ్చింది, పెన్నులాంటి పిడికి బిగించి ఉంది. పోగు కొన అరికాలికి ఆనించి, అది విల్లులా వంగేదాకా నొక్కి, తియ్యాలి. ఒక్కో కాలికి పది చోట్లు. ఎదుటి మనిషి కళ్ళు మూసుకుని, తెలిసినప్పుడల్లా "ఆ" అనాలి. వరసగా పోకూడదు, ఒకే తాళంలో పోకూడదు. మధ్యమధ్య తాకినట్టే వంగి, తాకకుండా ఊరుకోవాలి.

"అన్నిటికంటే ముఖ్యం, తగిలిందా అని అడగొద్దు. మనవాళ్ళు మొహమాటస్తులు. అడిగితే తగిలిందనే అంటారు."

అడక్కపోయినా అంటారని ఆ మధ్యాహ్నమే తేలింది. ఒకరి కాళ్ళమీద ఒకరు నేర్చుకుంటుంటే వాళ్ళలో ఒకావిడ, దర్జీ అక్క, వరసగా "ఆ, ఆ, ఆ" అంటూనే ఉంది. నర్సమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇందాకట్నుంచీ ఈవిడ నీ కాలు ముట్టుకోనే లేదమ్మా!" అంది.

"అంత ప్రేమగా వంగి చూస్తుంటే లేదనడానికి నోరు రాలేదండీ," అంది దర్జీ అక్క.

హాలంతా గొల్లుమంది. కోడలు కూడా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగింది. తన వంతులో తనూ రెండుసార్లు ఉత్తినే "ఆ" అంది, ఎవరూ పట్టుకోలేదంతే. తాకనిదానికి తాకిందనడం, బాగాలేనిదానికి బాగుందనడం, ఇవి ఇంత తేలిగ్గా నోటికెలా వస్తాయి? ఆ అయిదు రోజుల్లో ఆమె నేర్చుకున్న కష్టమైన పాఠం పోగు వంచడం కాదు. తెలియనప్పుడు నోరు మూసుకుని కూర్చోవడం.

పరీక్షరోజు ఒక్కొక్కరూ షుగరున్న మనిషిని ఒకరిని వెంటబెట్టుకు రావాలి. కోడలు అత్తగారిని తీసుకెళ్ళింది. అత్తగారు ఉతికిన చీర కట్టుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుంది, ఫోటో తీయించుకునే మనిషిలా. కోడలు పీట మీద కూర్చుని ఆవిడ పాదం ఒళ్ళో తువ్వాలు మీద పెట్టుకుంది. పగుళ్ళు చూసింది, వేళ్ళ సందులు చూసింది. పోగు ముందు మణికట్టు మీద తాకించి ఎలా ఉంటుందో చూపించింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. పరీక్షని హాల్లో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. మడమ. "ఆ." చిటికెన వేలు. "ఆ." ఉత్తినే వంగింది. ఆవిడ ఉలకలేదు, పలకలేదు. బొటనవేలి మొదలు. "ఆ." రెండు కాళ్ళకీ పదికి పది. ఒక్క తప్పుడు "ఆ" లేదు. పన్నెండు మంది మధ్యా తిరుగుతున్న నర్సమ్మ వెనక నిలబడి రెండు నిమిషాలు చూసి, "ఇదీ పద్ధతి!" అని రిజిస్టరులో సంతకం చేసింది. కోడలి ముఖం వెలిగింది. పద్నాలుగేళ్ళ షుగరు, పాదాలు పదిలం. దారిపొడుగునా ఇద్దరూ చేతులు పట్టుకుని నడిచారు. అత్తగారు ఎదురొచ్చిన ప్రతి మనిషికీ, "మా కోడలు ఫస్టున పాసయింది," అని చెప్పింది, వాళ్ళెవరో సరిగ్గా కనిపించకపోయినా.

ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా నడవొద్దని నర్సమ్మ చెప్పింది గనక, అత్తగారు ఆ మధ్యాహ్నమంతా పాత రబ్బరు చెప్పులతోనే ముందుగదిలో టపటపా తిరిగింది. నాలుగింటికి ఆవిడ మంచమెక్కాక కోడలు ఆ చెప్పులు తుడవబోయింది. వేసుకునేముందు, విప్పాక చెప్పుల్లోపల చూడాలనేది కూడా పాఠంలోదే. ఎడమ చెప్పు అడుగున ఇత్తడి గుండు మెరిసింది. తిప్పి చూస్తే లోపలి వైపు ముల్లులా పొడుచుకొచ్చిన మొన. చుట్టూ తడి ఎరుపు.

బోర్డు పిన్ను. మాస్టారు మొన్న గోడకి టైంటేబులు కొట్టిన పిన్నుల్లో ఒకటి. ఆయన కొడుతుంటే రెండు మూడు కిందపడతాయి. ఊడ్చేటప్పుడు చీపురు కింద టిక్కుమంటే ఏరి డబ్బాలో వెయ్యడం కోడలి పని. ఈ అయిదు రోజులూ ఊడ్చినట్టే ఊడ్చి పరిగెత్తింది.

మంచం దగ్గరికి ఒక్క అంగలో వెళ్ళి పాదం ఎత్తి చూసింది. బొటనవేలి మొదట్లో, మెత్తటి చోట, చిన్న బెజ్జం. పొద్దున "ఆ" అన్న చోటే.

"అత్తయ్యా, ఎప్పుడు గుచ్చుకుంది ఇది?"

"ఏది?" అంది అత్తగారు.

ఆ "ఏది" వినగానే కోడలు దూదితో రక్తం తుడిచి, గుడ్డ చుట్టి, సంచీలోంచి పోగు తీసింది. "ఒక్కసారి కళ్ళు మూసుకోండి." మళ్ళీ అదే తంతు. మడమ, "ఆ." నడి పాదం, "ఆ." ఎక్కడ తాకినా "ఆ." ఊరికే వంగితే మౌనం. పిన్ను దిగితే తెలియని కాలికి పోగు తాకితే తెలుస్తోందా? కోడలికి పిచ్చెక్కినట్టయింది. అంతలో పక్కింటివాళ్ళు నీళ్ళ మోటారు వేశారు. గోడ అవతల గుర్రుమని మొదలైంది. కోడలు మూడోవేలికి తాకించింది. జవాబు లేదు. మడమకి తాకించింది. లేదు. మళ్ళీ మడమకే, ఇంకొంచెం సేపు. లేదు. మోటారు ఆగింది. తాకించింది.

"ఆ," అంది అత్తగారు ఠక్కున.

కోడలు పోగు కింద పెట్టేసింది. "అత్తయ్యా, మీరు వింటున్నారు. ఏం వింటున్నారు?"

ఆవిడ కళ్ళు తెరిచి, బడిలో కాపీ కొడుతూ దొరికిన పిల్లలా చూసింది. "నీ ఊపిరి," అంది చివరికి. "తాకించే ముందు బిగపడతావమ్మాయ్. తీశాక వదుల్తావు. ఉత్తినే వంగినప్పుడు మామూలుగానే పీలుస్తావు."

"నా ఊపిరి మీకు వినిపిస్తుందా?"

"ఇప్పుడు కొత్తగా ఏమిటి? వాడు నోట్లో ముద్ద పెట్టుకున్నప్పుడల్లా నువ్వు బిగపడతావు కదా. మార్కు పడ్డాక వదుల్తావు. ఇరవైమూడేళ్ళుగా వింటున్నా. నాకు ముద్ద దిగదు ఒక్కోసారి."

కోడలికే తెలియని సంగతి. ఈ ఇంట్లో తనని ఎవరూ పట్టించుకోరని ఎన్ని మధ్యాహ్నాలు అంట్ల ముందు కూర్చుని ఏడ్చిందో! బల్ల ఆ చివర ఒక మనిషి తన ఊపిరి ఆగిన ప్రతిసారీ ముద్ద మింగలేక కూర్చుందన్నమాట. ఆవిడ మీద ఇంత ప్రేమ పొంగుకొచ్చింది, అంతలోనే కోపం కూడా వచ్చింది.

"మరి అబద్ధం ఎందుకాడారు? కాలు పోయేది తెలుసా!"

"వాడన్నాడుగా, తప్పితే మళ్ళీ పంపనని. పది చోట్లంటే పది మార్కులనుకున్నా. నాకు తెలియదంటే నీకు మార్కులు కొట్టేస్తారేమోనని... నువ్వు అయిదు రోజులూ ఇంటికొచ్చేటప్పుడు కూనిరాగం తీస్తూ వచ్చావే. అది పోగొట్టుకోబుద్ధి కాలేదు నాకు."

కోడలు ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత ముక్కు తుడుచుకుని, "ఇప్పుడు నేను పాడుతూ తాకిస్తాను. తెలిస్తేనే ఆ అనండి. మీమీద ఒట్టు," అంది. అత్తగారు, "ఒట్టు నామీదెందుకే, నీమీద పెట్టుకో," అంటూనే కళ్ళు మూసుకుంది. శ్రుతిలేని కూనిరాగం సాగింది. ఎడమ కాలికి పదింట మూడు. కుడి కాలికి నాలుగు.

సరిగ్గా అప్పుడే మాస్టారు బడి నుంచి వచ్చాడు. సంగతంతా విన్నాడు. తల్లి పాదం చూసి ఆయన ముఖం పాలిపోయింది. భయపడితే కొందరు ఏడుస్తారు, కొందరు ఎవరిదో ఒకరిది తప్పని తేల్చుకుంటారు.

"నువ్వు ఇంట్లో ఉండుంటే ఆ పిన్ను అక్కడుండేదా?"

"పిన్ను నీదిరా," అంది అత్తగారు మంచం మీంచి.

ఆయన గడియారం చూసి, మెల్లగా, మంచిగానే చెప్పాడు. "సరే, ఇప్పుడే కేంద్రానికి తీసుకెళ్ళు, అయిదింటికి మూసేస్తారు. పిన్ను గుచ్చుకుందని చెప్పు, చాలు. పొద్దుటి పరీక్ష తప్పని మాత్రం అనకు. పాసయ్యావు, సంతకమయింది. నీ అంతట నువ్వే వెళ్ళి మార్కులు కొట్టేయించుకోవడం ఏమిటి? అమ్మని వేరే డాక్టరుకి నేను చూపిస్తాగా. నీ మంచికే చెప్తున్నా, సరేనా?"

"ఆ" నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మాటలో దురుద్దేశం లేదు, నిజంగా ఆమె మంచే కోరుతున్నాడు. తప్పానని తెలిస్తే ఇంక ఆ హాలూ లేదు, దర్జీ అక్క నవ్వూ లేదు, ఒంటరిగా నడిచొచ్చే ఆ నాలుగొందల గజాల దారీ లేదు. కానీ పన్నెండు మందీ ఒకే పద్ధతి నేర్చుకున్నారు. అందరూ జాగ్రత్తగా, భక్తిగా, ఊపిరి బిగపట్టే తాకించి ఉంటారు. రేపట్నుంచి పన్నెండు వీధుల్లో పదికి పది అని రాసుకొస్తారు. ఎన్ని చెప్పుల్లో ఎన్ని పిన్నులున్నాయో!

ఆమె "ఆ" అనలేదు. లేదనీ అనలేదు. అత్తగారిని నడిపించకుండా ఆటో పిలిచింది.

నర్సమ్మ బీరువాకి తాళం వేస్తోంది. గాయం చూడగానే మళ్ళీ తెరిచింది. కడిగి, మందు వేసి, కట్టు కట్టి, సూది వేసి, మర్నాడు డాక్టరుకి చూపించమని చీటీ రాసింది. "పొద్దున పదికి పది వచ్చిన కాలేనా ఇది?" అంది, రాస్తూ రాస్తూ ఆగి.

"పొద్దున నేను రాసింది తప్పండీ," అంది కోడలు. ఊపిరి సంగతి, మోటారు సంగతి, మార్కుల సంగతి అన్నీ చెప్పేసింది.

నర్సమ్మ ముందు నవ్వింది. నవ్వలేక కుర్చీలో కూలబడింది. ఆ తర్వాత నవ్వడం మానేసింది. "పన్నెండేళ్ళుగా నేర్పుతున్నాను. కళ్ళు మూయించాను గానీ చెవుల సంగతి నాకు తట్టలేదు తల్లీ." రిజిస్టరు తీసి, పొద్దుటి సంతకం మీద అడ్డంగా గీత కొట్టింది. "రూలు ప్రకారం నువ్వు తప్పావు."

"తెలుసండీ."

"రేపు పొద్దున అందరినీ మళ్ళీ రమ్మంటాను, మనుషుల్తో సహా. ఎలా చెయ్యాలో నువ్వే చూపించు. ఆ తర్వాత నీ పరీక్ష చూద్దాం."

మర్నాడు హాలు తేనెతుట్టెలా మోగింది. పన్నెండు మంది ఆడవాళ్ళు పన్నెండు రకాల కూనిరాగాలు తీస్తూ పోగులు తాకించారు. గాజులు తీసి పక్కన పెట్టిన వాళ్ళు కొందరు. వంగినప్పుడు మోకాలు టిక్కుమంటుందని పీట మార్చుకుంది దర్జీ అక్క. నిన్న పదికి పది వచ్చిన వాళ్ళలో మరో ముగ్గురికి కొన్ని చోట్ల తెలియలేదు. ఆ ముగ్గురూ బిత్తరపోతే, డాక్టరు చూసి కొత్తగా కట్టుకట్టిన కాలు ఇంకో కుర్చీ మీద చాపుకుని కూర్చున్న అత్తగారు, "ముందే తెలిసింది, అదృష్టవంతులు. రోజూ పాదం చూసుకోవాలి, చెప్పు దులుపుకోవాలి, వేణ్ణీళ్ళలో కాలు ఊరికే పెట్టెయ్యకూడదు. ఏం భయం లేదు," అని నిన్నటి నుంచి తనే నర్సయినట్టు ధైర్యం చెప్పింది. నర్సమ్మ కోడలి పేరు దగ్గర కొత్తగా సంతకం చేసింది. ఈసారి పక్కన నిలబడి, కట్టు కింది చోటు తప్ప అన్నీ చూశాకే చేసింది.

బళ్ళో శనివారం ఒంటిపూటే. మాస్టారు భోజనం వేళకి ఇంటికొచ్చి, గుమ్మంలోంచే, "ఎన్నొచ్చాయమ్మా?" అని అడిగాడు.

"పదికి మూడురా," అంది అత్తగారు ఛాతీ విరుచుకుని. "మా కోడలు నెగ్గింది."

ఆయన ఏదో అనబోయి, మూడుకి నెగ్గడమేమిటో లెక్క కుదరక, కాళ్ళు కడుక్కుని వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. కోడలు ముగ్గురికీ వడ్డించింది. గరిటె గిన్నెలో వదిలేసి, కుర్చీ లాక్కుని, తనూ కూర్చుంది. ఆకలి దంచేస్తోంది. ఎవరి కోసమూ ఆగకుండా ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకుంది. మాస్టారు తన ముద్ద మింగి, అలవాటు ప్రకారం తలెత్తాడు.

"మార్కులు వెయ్యకండి," అంది కోడలు నములుతూనే. గొంతులో కోపం లేదు. "తక్కువైందేమిటో చెప్పండి, లేకపోతే తినండి. రేపట్నుంచి నాకు వీధిలో నలభై ఇళ్ళున్నాయి. మీ పిన్నులు మీరే ఏరుకోండి."

మాస్టారు చెయ్యి గాల్లోనే ఆగింది. అత్తగారు కళ్ళు మూసుకుని, చెవి కోడలి వైపు తిప్పి, కాసేపు విని నవ్వింది.

"చూశావురా, ఇవాళ ఆగలేదు."

"ఏది?" అన్నాడు మాస్టారు.

అచ్చం తల్లి అన్నట్టే, పిన్ను దిగిన పాదాన్ని ఎత్తి పట్టుకున్నప్పుడు ఆవిడ అన్నట్టే అన్నాడు. కోడలు మొగుడి ముఖంలోకి చూసింది. కోపం రాలేదు, కొంచెం జాలేసింది, బోలెడు ప్రేమా కలిగింది. ఆవిడకి ఆ కాలిలో మూడు చోట్ల స్పర్శ మిగిలింది, ఈయనకీ ఎక్కడో మిగిలే ఉంటుంది. ఓపిగ్గా వెతకాలి. ఊపిరి మాత్రం బిగపట్టకుండా.